మానేసిందా, మానిపించారా?

మొన్న ఆదివారం రాత్రి మా పిన్ని కూతురు బెంగుళూరు నుంచి ఫోన్ చేసింది. బాబుకి ఆరో నెల. 26 వారాల సెలవు ఇంకో పన్నెండు రోజుల్లో అయిపోతుంది. వాళ్ళత్తగారికి షుగరు, పిన్నికి మోకాళ్ళ నొప్పులు. డే కేర్‌లో వేస్తే పిల్లాడు ఊరికే జబ్బు పడతాడని ఒకరు, ఆయాని పెట్టుకుంటే నమ్మకమేమిటని ఇంకొకరు. అన్నీ చెప్పుకుని, చివర్న గొంతు తగ్గించి, "అక్కా, మానేయనా?" అంది.

"నీ ఇష్టమే. బాగా ఆలోచించుకో" అన్నాను.

ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. అన్నది మర్యాదైన మాటే. తల్లి ఉద్యోగం చేయాలా, ఇంట్లో ఉండాలా అనే మాట వస్తే చదువుకున్నవాళ్ళం అందరం అదే అంటాం. "అది ఆమె ఇష్టం" అనేసి పక్కకి తప్పుకుంటాం. కానీ అది నన్ను నమ్మి అడిగింది. నేను రెండు దారుల్లోనూ నడిచినదాన్ని. ఏడేళ్ళు ఇంట్లో ఉన్నాను, అంతకు ముందూ ఆ తర్వాతా ఉద్యోగం చేశాను. నాకు తెలిసింది దాని చేతిలో పెట్టకుండా దాటేశాను. ఆ రాత్రి దానికి చెప్పనిదంతా ఇక్కడ రాసుకుంటున్నాను.

మన క్రియలు

ఈ సంగతి గురించి మన ఇళ్ళల్లో వాడే మాటలు ఒకసారి చెవిన పెట్టండి. "పెళ్ళయ్యాక మానిపించేశారు." "అత్తారివాళ్ళు చేయనిస్తున్నారు, మంచివాళ్ళు." "పిల్ల బళ్ళో పడ్డాక మళ్ళీ పంపిస్తారట." సంబంధాలు చూసేటప్పుడు మగపెళ్ళివారు "మాకేం అభ్యంతరం లేదండీ, చేసుకోనిస్తాం" అంటారు, ఆడపెళ్ళివారు సంతోషిస్తారు. మగవాడి ఉద్యోగానికి ఈ క్రియల్లో ఒక్కటీ అతకదు. "మా అల్లుణ్ణి ఉద్యోగం చేయనిస్తున్నారు" అని ఎవరైనా అనగా నేనింతవరకూ వినలేదు.

"మానిపించారు" అన్నచోట ఎవరో మానిపించినవాళ్ళు ఉన్నారని తెలుస్తుంది. వాళ్ళతో పోట్లాడొచ్చు, కనీసం కోపం తెచ్చుకోవచ్చు. "మానేసింది" అన్నచోట అదీ ఉండదు. కర్త ఆమే. నన్నెవరూ మానిపించలేదు. మా ఆయన మానమనలేదు, అత్తయ్య మానమనలేదు. నేనే మానేశాను. అది నా ఇష్టమేననుకుని చాలా ఏళ్ళు బతికాను.

నాతో ఇంజనీరింగ్ చదివిన స్నేహితురాలొకామె డాలస్‌లో ఉంటుంది. ఆమెని మానిపించింది మనుషులు కాదు, వీసా. భర్తది ఉద్యోగానికిచ్చే హెచ్1బి, తనది అతని భార్యగా ఇచ్చే హెచ్4. 2015 మే దాకా హెచ్4 మీద ఉన్నవాళ్ళకి అక్కడ ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక మెట్టు దాటితేనే ఇస్తున్నారు. ఎం.టెక్. చదివి ఆరేళ్ళు ఇంట్లో కూర్చుంది. కాన్పుకి వాళ్ళమ్మ ఆరు నెలలు, ఆవిడ తిరిగొచ్చేస్తుంటే అత్తగారు ఇంకో ఆరు నెలలు వెళ్ళారు. పర్మిట్ చేతికొచ్చేసరికి ఇద్దరు పిల్లలు. ఉద్యోగానికి ప్రయత్నించలేదేమని అడిగితే "ఇప్పుడిక నేనే వద్దనుకున్నానే" అంది. ఆ "నేనే" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆరేళ్ళు ఎవరో వేసిన గడియ, ఏడో ఏట మనమే వేసుకున్నట్టు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

ఒక్క ఏడాది అనుకున్నది

మా అమ్మాయి 2009 మార్చిలో పుట్టింది. అప్పటికి చట్టం ఇచ్చే సెలవు 12 వారాలు. అందులో రెండు వారాలు కాన్పుకి ముందే అయిపోయాయి. తెనాలిలో అమ్మ దగ్గర పురుడు పోసుకుని, పిల్లకి మూడో నెల నిండకుండానే హైదరాబాద్ వచ్చి సీట్లో కూర్చున్నాను. మీటింగ్‌లో ఉండగా పాలు చేపుకొచ్చి బట్టలు తడిసిపోయేవి. చున్నీ అడ్డం కప్పుకుని సాయంత్రం దాకా అలాగే ఉన్న రోజులున్నాయి. అమ్మ రెండు నెలలు, అత్తయ్య రెండు నెలలు వచ్చి చూసుకున్నారు. ఆ తర్వాత ఆయాని పెట్టుకున్నాం. ఎనిమిదో నెలలో పిల్లకి విరేచనాలు పట్టుకుని మూడు రోజులు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది. మూడో రోజు రాత్రి, పిల్ల నిద్రపోయాక, ఆ గదిలోనే ఒక కాగితం మీద మేమిద్దరం లెక్క వేశాం.

నా జీతంలోంచి ఆయా జీతం, క్యాబు, బయట తినే తిండి తీసేస్తే చేతికి మిగిలేది ఏ పదిహేను వేలో. మా ఆయన జీతం అప్పటికి నాకు రెట్టింపు. పిల్ల చేతికి సూది గుచ్చి ఉంది. ఆ పదిహేను వేలు చాలా చిన్నగా కనిపించాయి. "ఒక్క ఏడాది మానేస్తాను, తర్వాత చూద్దాం" అన్నాను. ఆయన "నీ ఇష్టం" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ కాగితం మీద తప్పుందని నాకు తెలిసేసరికి పదేళ్ళు పట్టింది. ఆయా జీతం నా జీతంలోంచే ఎందుకు కొట్టేశాం? పిల్ల ఇద్దరిదీ. ఇద్దరం ఉద్యోగాలు చేసుకోవడానికి అయ్యే ఖర్చు అది, ఇద్దరి జీతాల మొత్తంలోంచి తీయాల్సింది. అలా తీస్తే మానాలన్న మాటే పుట్టదు. నాకు తెలిసిన ఇళ్ళల్లో అన్నిట్లోనూ ఈ తీసివేత ఇలాగే జరిగింది. తల్లి జీతంలోంచి బిడ్డ ఖర్చు తీసి, మిగిలింది చూసి, "ఇంత దానికి ఎందుకు" అంటారు. పైగా ఆ నెల జీతమే చూశాం. అయిదేళ్ళ తర్వాతి జీతం ఆ కాగితం మీద లేదు.

పి.ఎఫ్. సంగతి అంతకన్నా ఆలస్యంగా తెలిసింది. 2003 నుంచి 2009 దాకా ఆరేళ్ళు కట్టాను. మానేశాక ఆ డబ్బు మొత్తం తీసేసి ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కి ఇచ్చాను. పింఛను వాటా కూడా వచ్చేసింది, ఎందుకంటే పదేళ్ళు నిండనివాళ్ళు దాన్ని తీసేసుకోవచ్చు. లోను ఆయన పేరున ఉంది కనుక ఫ్లాటూ ఆయన పేరునే రాయించాం. ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు, అప్పట్లో నాకు బాధ కూడా లేదు. 2016లో మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పుడు పింఛనుకి నేను అర్హురాలిని కానని చెప్పారు. 2014 సెప్టెంబరు తర్వాత కొత్తగా చేరేవాళ్ళకి మూలవేతనం 15 వేలు దాటితే ఆ పథకంలో చోటు లేదట. పాత ఖాతా ఖాళీ చేసుకున్నదాన్ని గనుక నేను కొత్తదాన్నే. ఆ పింఛనేమీ పెద్ద మొత్తం కాదు. కానీ రాజీనామా ఇచ్చిన రోజున ఇలాంటి తలుపు ఒకటుందనీ, నా వెనక మూసుకుపోతుందనీ నాకు చెప్పినవాళ్ళు లేరు.

ఖాళీగా ఉన్నావు కదా

ఒక్క ఏడాది ఏడేళ్ళు ఎలా అయిందో చెప్పాలి, అసలు సంగతి అక్కడే ఉంది. రెండో ఏట నేను దరఖాస్తులు పెడదామనుకుంటుండగా అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది. ఆసుపత్రిలో పదిహేను రోజులు, తర్వాత మా ఇంట్లో నాలుగు నెలలు. మూడో ఏట మా ఆయన ఆన్‌సైట్ వెళ్ళాడు, ఎనిమిది నెలలు. ఆ తర్వాత ఎల్‌కేజీ సీటు కోసం తిరగడం. మరిది పెళ్ళి. నాన్నకి కళ్ళ ఆపరేషన్. గ్యాస్ సిలిండర్ వాడొస్తే ఉండాల్సింది, పై ఫ్లాటువాళ్ళ తాళంచెవి దాచాల్సింది, బ్యాంకుకి వెళ్ళాల్సింది, ఊరి నుంచి ఎవరొచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సింది నేనే. ప్రతిదానికీ ముందు ఒక మాట వచ్చేది: "నువ్వు ఎటూ ఖాళీగానే ఉన్నావు కదా."

అందులో ఏ పనీ అక్కర్లేనిది కాదు. అత్తయ్యకి నేను చేసింది ప్రేమగానే చేశాను, ఇప్పుడైనా చేస్తాను. కానీ నేను మానింది పిల్ల కోసం. ఆ ఏడేళ్ళల్లో పిల్లకి ఎంత మిగిలానో నిజాయితీగా చూసుకుంటే, మొదటి రెండేళ్ళు పూర్తిగా దానికే ఉన్నాను. మూడో ఏడు నుంచి మా రెండు కుటుంబాలకీ ఎప్పుడంటే అప్పుడు దొరికే మనిషినయ్యాను. నా ఒళ్ళో ఉండాల్సిన పిల్ల, నా చెయ్యి పట్టుకుని ఆసుపత్రి వరండాల్లో తిరిగింది.

తల్లి ఇంట్లో ఉంటే బిడ్డకి మంచిదనేవాళ్ళని నేను అడగదలుచుకున్నది ఇదే. మన ఇళ్ళల్లో ఉద్యోగం మానిన తల్లిని బిడ్డ దగ్గర ఉండనిస్తామా? 2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళకి రోజుకి 289 నిమిషాలు దానికే పోతున్నాయని తేలింది. అదే చాకిరీ చేసే మగవాళ్ళకి 88 నిమిషాలు. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ కనిపెట్టుకుని ఉండే సమయాన్ని విడిగా లెక్కేశారు, అది ఆడవాళ్ళకి 137. వంటకీ గిన్నెలకీ బట్టలకీ పోయేదాంట్లో సగం కూడా లేదు.

అయినా ఆ మొదటి రెండేళ్ళ మధ్యాహ్నాల మీద నేను మాట పడనివ్వను. బాల్కనీలో చాప వేసుకుని పిల్లని పొట్ట మీద పడుకోబెట్టుకుంటే, కింద రోడ్డు మీద కూరగాయల బండివాడి కేక వినిపించేది. అది "కాయలూ" అని వాడి వెనకే అనేది. దాని మొదటి మాట అమ్మ కాదు, కాయ. ఆ మాట నేను విన్నాను. ఎవరో చెబితే తెలుసుకోలేదు. ఆ రోజులు వెనక్కి ఇచ్చేసి రెండు ప్రమోషన్లు తీసుకోమంటే తీసుకోను. మిగతా అయిదేళ్ళ గురించే నా పేచీ.

2016లో ఇంటర్వ్యూకి వెళ్ళాను. నేను మానేసినప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అంటే చేత్తో చేసేది, తిరిగొచ్చేసరికి అంతా ఆటోమేషన్. ఆర్నెల్లు రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకున్నాను. ఎదురుగా ఇద్దరు కుర్రాళ్ళు. మర్యాదగానే అడిగారు: "మేడమ్, ఈ ఏడేళ్ళూ ఏం చేశారు?"

"ఏం లేదండీ, ఖాళీగానే ఉన్నాను" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. బస్సులో ఇంటికొస్తూ ఆ మాట గుర్తొచ్చి ఏడ్చాను. ఉద్యోగం మూడో చోట వచ్చింది. 2009లో నేను పని నేర్పిన అబ్బాయి అక్కడ మేనేజరు. అతను చాలా మంచివాడు. నాకు మాత్రం కింది నుంచి మళ్ళీ మొదలు.

పక్క ఫ్లాటు తలుపు

ఇంతవరకూ చదివినవాళ్ళకి నా మాట ఎటు పోతోందో అర్థమైపోయుంటుంది. ఇక్కడే మా పక్క ఫ్లాటు వదిన గురించి చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే.

ఆవిడ బీకాం చదివింది. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఒక ఆడిటర్ దగ్గర పనిచేసింది. పెద్దవాడు పుట్టాక మానేసి మళ్ళీ ఆ వైపు చూడలేదు. ఇద్దరు కొడుకుల్ని పెంచింది. నేను మళ్ళీ ఉద్యోగంలో చేరినప్పుడు మా అమ్మాయికి ఏడేళ్ళు. స్కూలు బస్సు మూడున్నరకి దింపేది, నేనొచ్చేసరికి ఏడు. మెడలో తాళంచెవి వేసి పంపేదాన్ని. మొదటి వారం పిల్ల ఒక్కతే తాళం తీసుకుని, టీవీ పెట్టుకుని కూర్చుంది. రెండో వారం పెద్ద వాన పడి కరెంటు పోయింది. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. గచ్చిబౌలి నుంచి మియాపూర్ వచ్చేసరికి రెండున్నర గంటలు పట్టింది, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మెట్లెక్కాను. పిల్ల వదిన వాళ్ళ వంటింట్లో గట్టు మీద కూర్చుని ఉప్మా తింటోంది. తల తుడిచి, వాళ్ళబ్బాయి చొక్కా వేసి ఉంచింది.

ఆ రోజు నుంచి మూడేళ్ళు మా అమ్మాయి బడి నుంచి ఆ ఇంటికే వెళ్ళింది. డబ్బిస్తానంటే వదిన నొచ్చుకుంది. పండక్కి చీర పెట్టేదాన్ని, అంతే. అంటే నా ఉద్యోగం ఆవిడ ఇంట్లో ఉండటం మీద నిలబడింది. ఆవిడ కూడా నాలాగే పొద్దున్నే తాళం వేసుకుని వెళ్ళిపోయి ఉంటే ఆ వాన రోజు ఏమయ్యేదో నాకు తెలియదు.

ఒకసారి నేను ఉత్సాహంగా "ఆడపిల్లలు ఉద్యోగం మానకూడదు వదినా" అని మొదలుపెడితే ఆవిడ చేతిలో పని ఆపి నా వైపు చూసింది. "అయితే నా ఇరవై ఏళ్ళూ వృథా అంటావా? నా పిల్లలు ఏనాడూ తాళం తీసుకుని ఇంట్లోకి రాలేదు. తలుపు కొడితే తీసే మనిషి ఉంది. అది నేను చేసిన పని" అంది. నాకు నోట మాట రాలేదు. ఇప్పటికీ దానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు.

ఒకటి మాత్రం చెప్పగలను. ఆవిడ బతుకు వృథా అనే హక్కు ఎవరికీ లేదు. ఆవిడ చేసింది పనే. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో చనిపోయిన గృహిణి పనికి విలువ కడుతూ తీర్పు ఇచ్చింది. అందులో మన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన భాగంలో 2011 జనాభా లెక్కలు చెప్పారు. ఇంటిపనే ప్రధాన వృత్తి అని రాయించుకున్న ఆడవాళ్ళు దాదాపు 16 కోట్ల మంది. మగవాళ్ళు 58 లక్షల లోపు. ఆ 16 కోట్ల మందినీ జనాభా లెక్కలు పనిచేయనివాళ్ళ కిందే రాశాయి. ఆ తీర్పు చదివినప్పుడు నాకు సంతోషమూ దుఃఖమూ రెండూ కలిగాయి. ఇంట్లో ఉన్న తల్లి పనికి నెలకి ఇంత అని లెక్క కట్టాలంటే ఆమె చనిపోయి, కేసు కోర్టుకెక్కాలి. బతికున్న మా వదిన చేతిలో తనదంటూ ఒక ఖాతా లేదు. కొడుకు ఫీజు కట్టమని భర్తని అడిగినట్టే, తన తమ్ముడి పెళ్ళికి ఉంగరం పెట్టాలన్నా అడుగుతుంది. అది ఆవిడే ఒక సాయంత్రం చెప్పింది, పెద్దగా ఫిర్యాదుగా కూడా కాదు. "అన్నీ ఇస్తారే. అడిగితే ఇస్తారు" అంది.

ఆ "అడిగితే" దగ్గరే నేను నిలబడి ఉన్నాను.

ఆరో నెల నుంచి మూడో ఏడు దాకా

1988లో మా ఊరి బళ్ళో మూడో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్ల చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చేది. వాడికి ఏడాదిన్నర ఉంటుంది. వాడు ఏడిస్తే లేచి బయటికెళ్ళి వేపచెట్టు కింద ఆడించి వచ్చేది. మాస్టారు మంచివాడే, కొన్నాళ్ళు ఊరుకున్నాడు. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ పిల్ల ఇక రాలేదు. వాళ్ళమ్మ మా పొలంలోనే నాట్లకీ కలుపుకీ మినుము తీతకీ వచ్చేది. తల్లి ఉద్యోగం చేయాలా వద్దా అని ఆమెని అడిగినవాళ్ళు లేరు. ఆమె కూలికి వెళ్ళాలంటే ఎనిమిదేళ్ళ కూతురు బడి మానాలి. రంగారెడ్డి జిల్లాలో పనిపిల్లల్ని బడికి చేర్చిన శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అన్నప్పుడు, ఇంట్లో తమ్ముళ్ళని ఆడించే పిల్ల కూడా అందులోకి వచ్చింది. నాకు ఆ మాట చదవగానే ఆ వేపచెట్టే గుర్తొచ్చింది.

తల్లి పనికి వెళ్తే ఆమె చోటు ఇంకెవరో ఆడమనిషే భర్తీ చేయాలి. అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దకూతురు, ఆయా, పక్కింటి వదిన. ఈ వరుసలో మగపేరు ఒక్కటీ రాదు, సర్కారు పేరూ రాదు. 2017లో సెలవుని 26 వారాలకి పెంచారు, మంచిదే. ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టాలని డాక్టర్లు చెబుతారు కనుక సరిగ్గా అంతవరకూ సరిపోతుంది. అటుపక్క అంగన్‌వాడీ బడి మూడో ఏడు నుంచి. మధ్యలో ఉన్న రెండున్నరేళ్ళలో బిడ్డ ఎక్కడుండాలి? మా పిన్ని కూతురు ఫోన్ చేసింది సరిగ్గా ఆ గుమ్మంలో నిలబడే. అదే చట్టంలో 50 మంది ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలని రాశారు. ఆ 50 మందిలో మగవాళ్ళనీ లెక్కిస్తారు, కానీ రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకునే వీలు తల్లికే ఇచ్చారు. తండ్రి మాట లేదు. 2005 ఉపాధి హామీ చట్టం ఇంకాస్త మేలు. ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురుంటే వాళ్ళని చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి, ఆమెకీ కూలి కట్టి ఇవ్వాలని రాశారు. బిడ్డల్ని కనిపెట్టుకుని ఉండటం కూలి ఇవ్వాల్సిన పనేనని మన చట్టాల్లో ఒకచోటైనా రాశారు.

అంగన్‌వాడీ దగ్గరికొచ్చేసరికి ఆ మాట మళ్ళీ పోయింది. వాళ్ళకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకి దిగినప్పుడు టీచర్లకి నెలకి 11,500 రూపాయలు. 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. మధ్యలో వాళ్ళ మీద ఎస్మా, అంటే అత్యవసర సర్వీసుల్లో సమ్మెని నిషేధించే చట్టం, పెట్టారు. మా మేనత్త కోడలు వాళ్ళల్లో ఒకతె. "పిల్లల్ని చూసుకుంటే సేవ అంటారు, సమ్మె చేస్తే అత్యవసర సర్వీసు అంటారు" అంది. ఊళ్ళో తల్లులు పనికి పోవాలంటే ఆమె ఉండాలి. ఆమె కూడా తల్లే.

నా వాటా కూడా చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకి మా ఇంట్లో పనిచేసే ఆమె కాన్పుకి వెళ్ళింది. సర్కారు ఆసుపత్రిలో కాన్పయితే అప్పట్లో తెలంగాణలో మగపిల్లాడికి 12 వేలు, ఆడపిల్లకి 13 వేలు విడతలుగా ఇచ్చేవారు. నేనిచ్చింది ఒక నెల జీతం, రెండు చీరలు. నాలుగు వారాలు గిన్నెలు నేనే తోముకుని, అయిదో వారంలో ఇంకొకామెని పెట్టుకున్నాను. మూడో నెలలో ఆమె బిడ్డనెత్తుకుని వచ్చి గుమ్మంలో నిలబడి, లోపల ఇంకొకామె పని చేయడం చూసి, ఏమీ అనకుండా నవ్వి వెళ్ళిపోయింది. ఏడేళ్ళ తర్వాతైనా నాకు ఒక తలుపు తెరుచుకుంది. ఆమెకి నేను మూడు నెలలు తెరిచి ఉంచలేకపోయాను. తల్లుల ఉద్యోగాల గురించి ఏం రాయబోయినా ఆ నవ్వు అడ్డం వస్తుంది.

రాత్రి తొమ్మిదింటి కాల్

మా ఆయన్ని చెడ్డవాణ్ణి చేసి రాస్తే తేలిగ్గా అయిపోయేది, కానీ అది నిజం కాదు. ఆయనకి పిల్లంటే ప్రాణం. స్నానం చేయించేవాడు, పాట పాడి నిద్రపుచ్చేవాడు. ఆయన చేయలేనిది ఒకటే. రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో అమెరికావాళ్ళకి తెల్లారితే కాల్‌లో ఉండాలి. ఆ కాల్‌లో ఉన్నవాడికే ప్రమోషన్. ఇద్దరం ఆ కాల్‌లో ఉంటే పిల్లకి అన్నం పెట్టే మనిషి ఉండదు. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ అమెరికాలో రెండు వందల ఏళ్ళ లెక్కలు తవ్వి చెప్పిన సంగతుల్లో ఇదొకటి. ఒకే ఉద్యోగంలో ఉన్న ఆడా మగా జీతాల్లో తేడా చాలామటుకు మొదటి బిడ్డ పుట్టడంతోనే మొదలవుతుంది. చదువు సమానమే, తెలివి సమానమే. ఎప్పుడు పిలిచినా పలికే మనిషికి ఎక్కువ జీతం, ఇంట్లో బిడ్డ పిలిస్తే పలకాల్సిన మనిషికి తక్కువ. ఒకరు అలా పలకాలంటే ఇంకొకరు ఇంట్లో ఉండాలి. ఆయన జీతం పెరిగిన ప్రతి ఏడూ అందులో నా తొమ్మిదింటి పని ఉంది. ఈ మాట ఆయనతో అన్నాను. కాసేపు ఊరుకుని, "ఆసుపత్రిలో ఆ రాత్రి నేను మానేయనా అని ఎందుకు అడగలేదో నాకే తెలీదు" అన్నాడు.

తిరిగి ఆడది చెడుతుంది, తిరక్క మగాడు చెడతాడు అని సామెత. మా అమ్మమ్మ తరచూ అనేది. ఇంట్లో ఉండిపోయిన ఆడదాని గురించీ, ఇంటి కోసం తిరుగుడు తగ్గించుకోలేని మగవాడి గురించీ సామెత ఏమీ చెప్పలేదు.

ఇన్ని చెప్పుకున్నాక కూడా నేను ఒకచోట తేలాలి. "నీ ఇష్టం" దగ్గర ఆగిపోవడం నాకిక కుదరదు. బిడ్డకి తల్లి సమయం కావాలి, మొదటి ఏడాది చాలా కావాలి. దాని కోసం సెలవు పెట్టుకో. జీతం లేని సెలవైనా పెట్టుకో. పని తగ్గించమని అడుగు, చిన్న ప్రాజెక్టుకి మారు, ఒక ఏడు ప్రమోషన్ పోతే పోనీ. రాజీనామా మాత్రం ఇవ్వకు. సెలవు చీటీ మీద తిరిగి వచ్చే తేదీ ఉంటుంది. రాజీనామా కాగితం మీద ఉండదు, ఇంట్లో ఎవరూ దాన్ని తర్వాత రాయరు. ఇంట్లోనే ఉండాలని నిజంగా అనుకునేవాళ్ళుంటారు, వదినలాంటివాళ్ళు. వాళ్ళ కోసమైతే ఇంకో మాట: మానే రోజునే ఇంటి ఆదాయంలో ఒక వాటా అడక్కుండా నెలనెలా తన ఖాతాలో పడేలా రాయించుకోవాలి, ఇంటి కాగితం మీద తన పేరూ ఉండాలి. ఇది కూలి కూడా రాని తల్లులకి పనికొచ్చే సలహా కాదని నాకు తెలుసు. వాళ్ళకి కావాల్సింది ఊరూరా, బస్తీ బస్తీలో ఆరు నెలల బిడ్డని తీసుకునే కేంద్రం, అందులో పనిచేసే ఆమెకి సరైన జీతం. అది అడగాల్సింది వాళ్ళొక్కళ్ళే కాదు, నేనూ.

నిన్న సాయంత్రం మా పిన్ని కూతురికి ఫోన్ చేశాను. "మొన్న నేను సరిగ్గా చెప్పలేదే. మానకు" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. వెనక పిల్లాడు ఏడుస్తున్నాడు.

"ఆయా జీతం ఇద్దరి జీతాల్లోంచి తీసి లెక్కేశారా?" అన్నాను.

"లేదక్కా."

"ముందు అది వేయండి, ఇద్దరూ కూర్చుని. మీ ఆయన్ని వాళ్ళ ఆఫీసులో తండ్రికి సెలవు ఎన్నాళ్ళిస్తారో కనుక్కోమను. నువ్వు చేరిన మొదటి నెల అతను సెలవు పెట్టగలడేమో అడుగు."

"నేను అడగాలా?"

"ఈసారికి అడుగు."

పిల్లాడి ఏడుపు ఎక్కువైంది. "ఒక్క నిమిషం అక్కా" అంది. అటు ఏదో మాట్లాడింది, నాకు వినపడలేదు. మగగొంతు ఒకటి జోకొడుతూ దగ్గరికొచ్చి, మళ్ళీ దూరమైంది. ఏడుపు కూడా ఆ గొంతుతో పాటే పక్క గదిలోకి వెళ్ళింది.

"ఆఁ, చెప్పక్కా" అంది.